విలియం నైలాండర్: రాతిపూతను చదివిన శాస్త్రజ్ఞుడు

మహనీయుల జీవితాలు అనగానే మనకు రాజ్యాలు స్థాపించినవారు, ప్రజలను మేల్కొలిపినవారు, గొప్ప యంత్రాలు కనిపెట్టినవారు జ్ఞాపకం వస్తారు. దారి పక్కనున్న బండను, చెట్టు బెరడును అంటిపెట్టుకొని ఉండే బూడిదరంగు పొలుసును పరీక్షిస్తూ దాదాపు అర్ధశతాబ్ది గడిపిన మనిషి మన తలంపులోకి రావడం అరుదు. అయినా ఆ పొలుసును చదివి, ఒక మహానగరపు గాలి మంచిదో చెడ్డదో చెప్పగలిగినవాడు ఒకడున్నాడు. ఆయన పేరు విలియం నైలాండర్. పంతొమ్మిదవ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞులలో ఆయనది విశిష్టమైన స్థానం. ఆయన సాధించిన విజయం ఎంత పెద్దదో, చేసిన పొరపాటు కూడా అంత పెద్దది. ఆ రెండింటినీ కలిపి తెలుసుకొంటేనే ఆయన జీవితం మనకు పాఠమవుతుంది.

ఆయన పరిశోధించిన వస్తువు మనకు కొత్తది కాదు. హైదరాబాదులో బిరియానీ వండే ఇళ్లలో లవంగాలు, యాలకులు, జాపత్రితో పాటు ఎండి ముడుచుకొన్న ఆకు ముక్కవంటి ఒక దినుసు కనబడుతుంది. పైభాగం బూడిదరంగు, అడుగుభాగం నలుపు. చేతిలో పట్టుకొంటే బరువే ఉండదు. నూనెలో వేగినప్పుడు మాత్రం అడవినేల వాసన వంటి పరిమళం వస్తుంది. తెలుగువారు దానిని రాతిపువ్వు అంటారు. ఉర్దూలో ఛరీలా అనీ, పత్థర్ కా ఫూల్ అనీ పేర్లు. యూనానీ వైద్యులు ఉష్నా అంటారు. ఆయుర్వేద గ్రంథాలలో అది శైలేయం. పేరులో పువ్వు ఉన్నా అది పువ్వు కాదు. ఆకు కాదు, వేరు కాదు. దానినే శాస్త్ర పరిభాషలో లైకెన్ అంటారు.

లైకెన్ అంటే ఒక జీవి కాదు, ఒక కాపురం. శిలీంధ్రమూ శైవలమూ కలిసి ఒకే దేహంగా జీవించడమే లైకెన్. శిలీంధ్రం ఇల్లు కట్టి, తేమను నిలిపి, ఎండ దెబ్బ తగలకుండా కాపాడుతుంది. ఆకుపచ్చని శైవలం సూర్యరశ్మితో ఆహారం తయారుచేస్తుంది. ఈ రెండూ కలిసినందువల్లనే మన్ను లేని బండమీద, మంచు కప్పిన ధ్రువప్రాంతాల్లో, ఎడారి రాళ్లమీద లైకెన్లు బతకగలుగుతున్నాయి. ఇది నేడు బడిపిల్లలకు కూడా తెలిసిన విషయం. కాని తన కాలంలో లైకెన్లను గురించి అందరికంటె ఎక్కువ తెలిసిన నైలాండర్ ఈ ఒక్క విషయాన్ని చివరి శ్వాస వరకు ఒప్పుకోలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

నైలాండర్ 1822 జనవరి 3వ తేదీన ఫిన్లండ్ దేశంలోని ఔలు పట్టణంలో జన్మించాడు. అప్పటికి ఫిన్లండ్ స్వతంత్ర దేశం కాదు. రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న సంస్థానం. ఔలు ఉత్తర సముద్రతీరంలోని రేవుపట్టణం. శీతాకాలంలో పగలు కొద్ది గంటలే. ఆ దేశపు అడవుల్లో చెట్టు కొమ్మల నుండి గడ్డాలవలె లైకెన్లు వేలాడుతుంటాయి. ఉత్తరాన లాప్‌లండ్ నేలమీద తెల్లని దుప్పటి పరచినట్లు పెరుగుతాయి. రెయిన్‌డీర్ జింకలకు చలికాలపు మేత అవే. అటువంటి దేశంలో పుట్టినవాడికి లైకెన్లు చిన్ననాటి పరిచయం. అన్నగారైన ఫ్రెడ్రిక్ కూడా వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు.

విలియం హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదివి 1847లో వైద్యశాస్త్ర పట్టా పొందాడు. కాని మనసు ప్రకృతిశాస్త్రాల మీదనే. మొదట ఆయనను ఆకర్షించినవి చీమలు, తేనెటీగలు. ఉత్తర ఐరోపా చీమలను గురించి 1846లో, అంటే ఇరవైనాలుగో ఏట, వెలువరించిన గ్రంథంలో ఆయన వర్ణించిన జాతులు నేటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతున్నాయి. చీమను చీమ నుండి వేరుచేసి చూపే ఆ చూపు, వెంట్రుక మందమంత భేదాన్ని కూడా వదలని ఆ పట్టుదల తరువాతి జీవితానికి పునాది అయ్యాయి.

చీమల నుండి ఆయన దృష్టి లైకెన్లకు మళ్లింది. అందుకు హెల్సింకి తగిన చోటు. లైకెన్ శాస్త్రానికి పితామహుడనిపించుకొన్న స్వీడన్ దేశీయుడు ఎరిక్ అకారియస్ 1819లో మరణించాడు. ఆయన లిన్నేయస్ మహాశయుని శిష్యుడు. ఆయన సేకరించిన లైకెన్ నమూనాలు చాలావరకు హెల్సింకి విశ్వవిద్యాలయానికే చేరాయి. పేరు పెట్టిన మనిషి చేతితో అతికించిన అసలు నమూనాను కళ్లారా చూచి పోల్చుకొనే అవకాశం ఒక యువ పరిశోధకునికి ఇంతకు మించిన వరం లేదు.

దేశాన్ని పట్టికలో పెట్టడం

1857లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో నైలాండర్ వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ పదవిలో ఉన్న కొద్ది సంవత్సరాలలో ఆయన చేసిన పనిని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1858లో ప్రపంచంలో అప్పటికి తెలిసిన లైకెన్లన్నింటికీ ఒక సాధారణ పట్టిక వెలువరించాడు. ఏ జాతి ఏ ఖండంలో, ఏ దేశంలో దొరుకుతుందో అందులో సూచించాడు. అదే ఏడు లైకెన్ల వర్గీకరణపై ఆయన మహాగ్రంథం సినాప్సిస్ మెథోడికా లైకెనుం వెలువడసాగింది. 1859లో సేలాన్ అనే సహచరునితో కలిసి ఫిన్లండ్ వృక్షసంపద పట్టికను ప్రకటించాడు. 1861లో స్కాండినేవియా లైకెన్లపైన, 1866లో తూర్పు లాప్‌లండ్ లైకెన్లపైన గ్రంథాలు వచ్చాయి.

ఒక ప్రాంతపు లైకెన్లను సర్వే చేయడం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. చెట్లను లెక్కించినట్లు లైకెన్లను దూరం నుండి లెక్కించలేము. బండ దగ్గర మోకరిల్లాలి, భూతద్దం పట్టాలి, రాతిలో ఇంకిపోయిన జాతులను ఉలితో, సుత్తితో రాతిపెచ్చుతో సహా తీయాలి. ఏ చెట్టు మీద, ఏ దిక్కున, ఎంత ఎత్తున దొరికిందో కాగితంపై వ్రాసుకోవాలి. ఇంటికి తెచ్చి సూక్ష్మదర్శిని కింద సిద్ధబీజాల ఆకారాన్ని, వాటి పొడవు వెడల్పులను కొలవాలి. చేతిలో ఉన్న నమూనాను పాత నమూనాలతో పోల్చి, ఇది పాతదా కొత్తదా అని తేల్చాలి. ఇదంతా అయిన తరువాత పట్టికలో చేరేది ఒకే ఒక పంక్తి. నైలాండర్ అటువంటి పంక్తులు వేలకొద్దీ వ్రాశాడు. ఆయన కొత్తగా పేరు పెట్టిన లైకెన్లే కొన్ని వేలు.

ఇంతటి పండితునికి స్వదేశంలోని ఆచార్య పదవి నచ్చలేదు. 1863లో రాజీనామా ఇచ్చి, తనకు ముందే పరిచయమున్న పారిస్ నగరానికి వెళ్లిపోయాడు. ప్రపంచపు నలుమూలల నుండి నమూనాలు వచ్చి చేరే మ్యూజియం అక్కడ ఉంది. మిగిలిన ముప్పైఆరేళ్లూ పారిస్‌లోనే గడిచాయి.

రెండు ద్రావకాలు

1866వ సంవత్సరం నైలాండర్ జీవితంలో మరపురానిది. ఆ ఏడే ఆయన రెండు విషయాలను లోకానికి తెలియజేశాడు. మొదటిది రసాయన పరీక్ష.

అంతవరకు లైకెన్లను రంగును బట్టి, ఆకారాన్ని బట్టి, సిద్ధబీజాలను బట్టి గుర్తించేవారు. చూపుకు ఒకేలాగున్న రెండు జాతులను వేరుచేయడం కష్టమయ్యేది. లైకెన్లు తమ దేహంలో ప్రత్యేకమైన ఆమ్లాలను తయారుచేసుకొంటాయి. మన ప్రయోగశాలల్లో ఆమ్లక్షారాల పరీక్షకు వాడే లిట్మస్ కూడా మొదట లైకెన్ల నుండి తీసిన రంగే. నైలాండర్ అయోడిన్‌తో పాటు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్నీ, బ్లీచింగ్ పౌడర్ ద్రావణాన్నీ పరీక్షా సాధనాలుగా ప్రవేశపెట్టాడు. ఒక చుక్క వేస్తే ఒక జాతి పసుపుపచ్చగా మారుతుంది. ఇంకొకటి నెత్తురు ఎరుపు అవుతుంది. వేరొకటి ఏమాత్రం మారదు. ఆ మార్పే ఆ జాతికి చిరునామా. ఆనాటి పండితులు కొందరు ఇది వృక్షశాస్త్రం కాదు, మందుల దుకాణం పని అన్నట్లు ఈసడించారు. కాని నేటికీ అడవికి వెళ్లే లైకెన్ పరిశోధకుని సంచిలో ఆ రెండు ద్రావకాల చిన్నసీసాలు ఉంటాయి.

ఇందులో మనకు సంబంధించిన విశేషం ఒకటి ఉంది. మసాలా అంగడిలో రాతిపువ్వు పేరుతో అమ్మే పొట్లంలో సాధారణంగా ఒకే జాతి ఉండదు; కొన్ని జాతులు కలిసే ఉంటాయి. వాటిలో ఒకటి నేడు పార్మోట్రిమా టింక్టోరం. కానరీ దీవులలో దొరికిన దీనిని 1872లో శాస్త్రలోకానికి ప్రకటించినవాడు నైలాండరే. ఆ పేరులోని రెండవ మాటకు రంగరేజులకు చెందినది అని అర్థం. ఇంకొకటి పార్మోట్రిమా నిల్గెరెన్సె. మన దక్షిణాదిలోని నీలగిరుల పేరు మీదుగా 1869లో దానికి ఆ నామకరణం చేసినవాడూ ఆయనే. ఈ రెండింటినీ గుర్తించడానికి ఆయన పరీక్షే సాధనం. పైపొరను బ్లేడుతో మెల్లగా గీకి, లోపలి తెల్లని పొరపై బ్లీచింగ్ పౌడర్ ద్రావణం ఒక చుక్క వేయాలి. మొదటి జాతి అయితే ఆ తెలుపు వెంటనే ఎర్రబడుతుంది. రెండవది ఆ ఒక్క ద్రావణానికి మారదు. ముందు పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి, దానిపై బ్లీచింగ్ ద్రావణం వేస్తే గులాబి ఎరుపు వస్తుంది. పారిస్‌లో కూర్చొని నూటయాభై ఏళ్లకు పూర్వం ఒక ఫిన్లండ్ దేశీయుడు చేసిన పరీక్షను మన కళాశాల ప్రయోగశాలలో, వంటింటి దినుసుతో, ఏ విద్యార్థి అయినా చేసి చూడవచ్చు.

లక్సెంబర్గ్ ఉద్యానం

1866లో వెలువడిన రెండవ విషయం ఇంతకంటె ప్రసిద్ధమైనది. పారిస్ నడిబొడ్డున లక్సెంబర్గ్ ఉద్యానం అనే విశాలమైన తోట ఉంది. బాటసారులు విశ్రాంతి తీసుకొనే చోటు, పిల్లలు ఆడుకొనే చోటు, విద్యార్థులు పుస్తకాలు పట్టుకొని తిరిగే చోటు. దూరదేశాల నమూనాలు పరిశీలించే నైలాండర్ ఈ తోటలోని చెట్లను కూడా వదలలేదు. ఒక్కొక్క చెట్టు బెరడునూ పరీక్షించి, ముప్పైకి పైబడిన లైకెన్ జాతులను అక్కడ గుర్తించాడు. ఆ పట్టికను ఫ్రాన్సు వృక్షశాస్త్ర సంఘం పత్రికలో ప్రకటించాడు.

ఇంతవరకే అయితే అది మరొక పట్టిక మాత్రమే. కాని నైలాండర్ అక్కడ ఆగలేదు. నగరంలోని ఇతర ప్రదేశాలలో, అటువంటి చెట్లే ఉన్నచోట్ల, లైకెన్లు ఎందుకు లేవని ప్రశ్నించుకొన్నాడు. చెట్లు అవే, వర్షం అదే, శీతోష్ణస్థితి అదే. తేడా ఉన్నది గాలిలోనే. ఇళ్ల పొయ్యిల నుండి, కర్మాగారాల గొట్టాల నుండి వచ్చే బొగ్గు పొగ దట్టంగా ఉన్నచోట లైకెన్లు బతకడం లేదు. తోటలో గాలి కొంత శుభ్రంగా ఉన్నందున బతుకుతున్నాయి. కాబట్టి ఒక ప్రదేశపు గాలి ఆరోగ్యకరమో కాదో లైకెన్లే తమ పద్ధతిలో కొలిచి చెబుతున్నాయని ఆయన నిర్ధారణ చేశాడు. ఉష్ణాన్ని కొలవడానికి ఉష్ణమాపకం ఉన్నట్లు, గాలి స్వచ్ఛతను కొలవడానికి ప్రకృతి పెట్టిన సున్నితమైన మాపకం ఇదని భావించాడు. వైద్యవిద్య చదివిన మనిషి కనుక ఆరోగ్యపు ప్రశ్న ఆయనకు సహజంగా తోచి ఉంటుంది.

నిజానికి ఈ సంగతిని మొదట గమనించినవాడు నైలాండర్ ఒక్కడే కాదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ పరిసరాలలో లైకెన్లు తగ్గిపోతున్నాయని లియో గ్రిండన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1859లోనే వ్రాశాడు. ఐతే తగ్గుదలను చూచి విచారించడం వేరు. దానిని కొలమానంగా వాడవచ్చునని చెప్పడం వేరు. ఆ రెండవ పనికే నైలాండర్‌కు కీర్తి దక్కింది.

కారణమేమిటో ఆయన కాలంలో పూర్తిగా తెలియదు. తరువాతి తరాలవారు తేల్చారు. లైకెన్‌కు వేళ్లు లేవు. చెట్టు ఆకుకు ఉన్నట్లు మైనపు పొర లేదు. వాననీరు, మంచు, తేమ ఏవి వచ్చినా దేహమంతటితోనూ పీల్చుకొంటుంది. వాటితో పాటు గాలిలోని విషాన్నీ పీల్చుకొంటుంది. చెట్టు ఏటేటా ఆకులు రాల్చి చెడును కొంత వదిలించుకొంటుంది. లైకెన్‌కు ఆ వీలు లేదు. ఎదుగుదల ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే కనుక, కోల్పోయినదాన్ని త్వరగా తిరిగి పొందలేదు. బొగ్గు మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తేమలో కరిగి ఆమ్లమై, లోపలి శైవల కణాలలోని పత్రహరితాన్ని చెడగొడుతుంది. వంట చేసేవాడు పడిపోతే ఇంటివాడికి తిండి ఉండదు. శైవలం చావగానే శిలీంధ్రమూ నశిస్తుంది.

ముప్పై ఏళ్లు గడిచాయి. 1896లో పారిస్ పరిసరాల లైకెన్లపై గ్రంథం ప్రకటించేనాటికి లక్సెంబర్గ్ ఉద్యానంలోని లైకెన్లు అంతరించాయని నైలాండరే తెలియజేయవలసి వచ్చింది. తాను ఒక్కొక్కటిగా పేరుపెట్టి పిలిచి పట్టికలో చేర్చిన జాతులు, తన కళ్లముందే, ఒకే జీవితకాలంలో మాయమయ్యాయి. ఆయన చెప్పిన సిద్ధాంతం రుజువైంది. కాని ఆ రుజువు దుఃఖకరమైనది.

కాదన్న సత్యం

ఇక ఆయన జీవితంలోని రెండవ అధ్యాయం. 1867లో స్విట్జర్లండ్ దేశీయుడైన సైమన్ ష్వెండెనర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింత మాట చెప్పాడు. లైకెన్ ఒక మొక్క కాదనీ, శిలీంధ్రమూ శైవలమూ కలిసిన జంట అనీ ఆయన ప్రతిపాదన. 1869లో దానిని వివరంగా ప్రకటించాడు. శిలీంధ్రం యజమాని అనీ, శైవలాలు దాని చెరలో ఉండి ఊడిగం చేసే దాసులనీ ఆయన వర్ణించాడు.

లైకెన్ పండితులు చాలామంది భగ్గుమన్నారు. అందరికంటె తీవ్రంగా వ్యతిరేకించినవాడు నైలాండర్. ఆయన వాదంలో బలం లేకపోలేదు. పరాన్నజీవి పట్టిన మొక్క వాడిపోతుంది. లైకెన్ లోపలి ఆకుపచ్చ కణాలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. శిలీంధ్రాలు చీకటిలో, కుళ్లులో పెరుగుతాయి. లైకెన్లు ఎండలో, గాలిలో పెరుగుతాయి. కాబట్టి ఆకుపచ్చ కణాలు లైకెన్ దేహంలోనే పుట్టిన అవయవాలు తప్ప బయటినుండి వచ్చినవి కావని ఆయన నమ్మకం. ఇంగ్లండులో ఆయన మిత్రుడు జేమ్స్ క్రాంబీ కూడా ఆ పక్షాన నిలిచి, కొత్త సిద్ధాంతం కట్టుకథ అని పరిహసించాడు.

కాని రుజువులు ఒకదాని వెంట ఒకటి రాసాగాయి. లైకెన్ నుండి వేరుచేసిన ఆకుపచ్చ కణాలు స్వతంత్రంగా బతుకుతున్నాయని రష్యా శాస్త్రజ్ఞులు 1867లోనే చూపించారు. 1873లో ఎడ్వార్ బోర్నె అనేక లైకెన్లను పరీక్షించి ష్వెండెనర్ మాట నిజమని వ్రాశాడు. 1877లో జర్మనీలో ఎర్నెస్ట్ స్టాల్ అనే శాస్త్రజ్ఞుడు సిద్ధబీజాలను, శైవలాలను కలిపి లైకెన్‌ను పెంచాడు. 1880ల్లో గస్తాఁ బోనియే అటువంటి ప్రయోగాలే విజయవంతంగా చేశాడు. వీరిలో బోర్నె, బోనియే ఇద్దరూ ఫ్రాన్సు దేశీయులే. ఆ వార్తలు వినడానికి నైలాండర్ పారిస్ దాటి వెళ్లనవసరం లేదు. కాని ఆయన తన మాట మార్చుకోలేదు.

ఎందుకు మార్చుకోలేదు? జీవితమంతా లైకెన్లను ఒక స్వతంత్ర వర్గంగా భావించి, వాటికి వేలకొద్దీ పేర్లు పెట్టి, శాస్త్రంలో వాటికి ఒక సింహాసనం ఏర్పరచిన మనిషి. అవి అసలు ప్రత్యేక జీవులే కావనడం, ఆ సింహాసనాన్ని లాగివేయడంగా ఆయనకు తోచింది. చూపు అంత సునిశితమైనవాడు కూడా, తన శ్రమకు నష్టం కలుగుతుందన్న భయం ముందు చూడలేకపోయాడు.

ఇందులోని వైపరీత్యం గమనించదగినది. గాలి కలుషితమైనప్పుడు లైకెన్ ఎందుకు చస్తుందో ముందు చెప్పుకొన్నాము. విషానికి ప్రధానంగా బలయ్యేది లోపలి శైవలం. అనగా లక్సెంబర్గ్ ఉద్యానంలో నైలాండర్ కనుగొన్న సత్యానికి కారణం ఆయన ఒప్పుకోని ఆ భాగస్వామ్యంలోనే ఉంది. అంతేకాదు. నేడు అమలులో ఉన్న వృక్షనామ నియమావళి ప్రకారం, లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. నైలాండర్ పెట్టిన పేర్లన్నీ పోలేదు, నిలిచాయి. కాని ఆయన వ్యతిరేకించిన సిద్ధాంతం మీద ఆధారపడి నిలిచాయి. ఆయన భయపడినట్లు ఆయన శ్రమ వృథా కాలేదు. ఒప్పుకొని ఉంటే ఆయన పోగొట్టుకొనేది ఏమీ లేదు.

చివరి రోజులు

శాస్త్రచర్చ వ్యక్తిగత కలహంగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. నైలాండర్ కలం లాటిన్ భాషలో ఎంత స్పష్టంగా జాతులను వర్ణించేదో, అంత కటువుగా ప్రతిపక్షులను దూషించేది. స్వీడన్‌కు చెందిన థియొడోర్ ఫ్రీస్ వంటి పెద్దలతో వైరం పెరిగింది. ఒక్కొక్కరే మిత్రులు దూరమయ్యారు. కాలక్రమాన ఆయన తన గదిలోనే, తన నమూనాల మధ్యనే పని చేసుకొంటూ ఒంటరిగా గడిపాడు. ఐనా పని ఆగలేదు. అండమాన్ దీవుల లైకెన్లపై, జపాన్ లైకెన్లపై, సింహళ లైకెన్లపై వ్రాశాడు. ఈ చివరిది ఆయన పోయిన మరుసటి సంవత్సరం 1900లో వెలువడింది. శిష్యప్రాయుడైన ఆబే హ్యూ అనే క్రైస్తవ మతాచార్యుడు మాత్రం గురువు చెల్లాచెదరుగా ప్రకటించిన జాతుల వర్ణనలను ఒకచోట కూర్చే శ్రమ తీసుకొన్నాడు.

1899 మార్చి 29వ తేదీన పారిస్‌లో నైలాండర్ కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు డెబ్బైఏడేళ్లు. యాభైవేలకు పైబడిన ఆయన లైకెన్ నమూనాలు హెల్సింకి విశ్వవిద్యాలయానికి చేరాయి. యువకుడుగా ఉన్నప్పుడు తాను అకారియస్ నమూనాలను చూచిన చోటికే తన నమూనాలూ చేరుకొన్నాయి. లోకంలో ఏ మూల నుండి లైకెన్ పరిశోధకుడు నైలాండర్ పెట్టిన పేరును సరిచూచుకోవాలన్నా, నేటికీ ఆ పెట్టెలనే ఆశ్రయించాలి.

ఆయన అనంతరం

నైలాండర్ చెప్పిన గాలి కొలమానం ఇరవయ్యవ శతాబ్దంలో పూర్తిగా వినియోగానికి వచ్చింది. 1970లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు హాక్స్‌వర్త్, రోజ్ అనేవారు చెట్లపై ఏ లైకెన్లు ఉన్నాయో, ఏవి లేవో చూచి సల్ఫర్ డయాక్సైడ్ పరిమాణాన్ని అంచనా కట్టే పది మెట్ల కొలతను తయారుచేశారు. ఖరీదైన యంత్రం లేకుండా దేశమంతటా గాలి పటం గీయడం సాధ్యమయింది. బొగ్గు వాడకం తగ్గి నగరాల గాలి కొంత మెరుగుపడ్డాక, లక్సెంబర్గ్ ఉద్యానంలోని చెట్ల మీద లైకెన్లు తిరిగి కనబడుతున్నాయని 1991లో పరిశోధకులు ప్రకటించారు. నైలాండర్ పట్టిక లేకపోతే, పోయినదేదో తిరిగి వచ్చినదేదో పోల్చి చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు. పట్టిక వ్రాయడం చిన్న పని అనుకొనేవారికి ఇదే సమాధానం.

మన దేశంలో లైకెన్ పరిశోధనకు గట్టి పునాది వేసినవారు లక్నోకు చెందిన ఆచార్య ధరణీధర్ అవస్థి. 1922 నుండి 2011 వరకు జీవించిన ఆ మహనీయుని, ఆయన శిష్యుల కృషి ఫలితంగా భారతదేశంలో రెండువేల అయిదువందలకు పైబడిన లైకెన్ జాతులు గుర్తింపు పొందాయి. తూర్పు కనుమల అడవుల్లోను, దక్కను పీఠభూమి నల్లరాతి గుట్టల మీదను లైకెన్లు విస్తారంగా ఉన్నాయి. హైదరాబాదు చుట్టుపట్ల బండలపై తెల్లగా, పసుపుపచ్చగా, బూడిదరంగులో కనబడే మచ్చలలో చాలావరకు లైకెన్లే. గోల్కొండకు విహారయాత్రకు వెళ్లే విద్యార్థులు చాలామంది ఆ రాళ్ల మీద కూర్చొని లేచి వస్తారు. ఆ మచ్చలేమిటని అడిగేవారు తక్కువ.

విద్యార్థి మిత్రులారా! నైలాండర్ జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండున్నాయి. శాస్త్రానికి దూరదేశాలు అవసరం లేదన్నది మొదటిది. ఇంటి దగ్గరి తోటలో, చెట్టు చెట్టుకూ నడిచి, ఉన్నదాన్ని ఉన్నట్లు వ్రాసి, లేనిచోట ఎందుకు లేదని ప్రశ్నించడమే ఆయనను గొప్పవానిగా చేసింది. మన కళాశాల ఆవరణలోని వేపచెట్లను, ప్రహరీ రాళ్లను ఈ సంవత్సరం ఎవరైనా పరీక్షించి ఒక పట్టిక వ్రాసి భద్రపరిస్తే, ముప్పై ఏళ్ల తరువాత వచ్చే విద్యార్థికి అది అమూల్యమైన కానుక అవుతుంది.

రెండవది ఇంతకంటె కష్టమైనది. తెలిసినవాడు కూడా పొరబడవచ్చు. అందరికంటె ఎక్కువ తెలిసినవాడు పొరబడితే, సరిదిద్దడానికి దగ్గరకు వచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు. అందువల్ల అతడే తనను తాను పరీక్షించుకోవాలి. ఇతరుల నమూనాలపై వేసిన ఆ ద్రావకపు చుక్కను నైలాండర్ తన అభిప్రాయం మీద కూడా ఒకసారి వేసి చూచి ఉంటే, ఆయన వృద్ధాప్యం అంత ఒంటరిది అయి ఉండేది కాదేమో. రెండు జీవులు చేయిచేయి కలిపి, ఏ ఒక్కటీ బతకలేని బండమీద బతుకుతున్నాయన్న సత్యాన్ని ఆయన అయిదు దశాబ్దాలు చేతిలో పట్టుకొని కూడా గుర్తించలేదు. మనకు ఆ సత్యం వంటింటి మసాలా డబ్బాలోనే ఉంది. ఈసారి రాతిపువ్వును చేతిలోకి తీసుకొన్నప్పుడు ఆ జంటను, దానికి పేరు పెట్టిన ఆ ఏకాకిని ఒక్క క్షణం స్మరించుకొందాము.